వెనక గదిలో తాళం వేసిన బీరువా గురించి: చెన్నైలోని మన తెలుగు గ్రంథాలయ పాలకవర్గానికి బహిరంగ లేఖ

పాలకవర్గ పెద్దలకు నమస్కారాలు.

ఉత్తర చెన్నైలో తెలుగు పుస్తకం చేతికి దొరికే చోట్లు తక్కువ. అద్దెలు పెరిగినా, చందాలు తగ్గినా మన గ్రంథాలయాన్ని మూయకుండా నడిపిస్తున్నందుకు మీకు కృతజ్ఞతలు. ఇక అసలు విషయం.

హాల్లో కిటికీ పక్కన ఉండే సామ్యవాద సాహిత్యం బీరువాను సున్నాలు వేసేటప్పుడు వెనక గదిలోకి మార్చారు. సున్నాలు అయిపోయాయి. కథలు, నవలలు, భక్తి, పోటీపరీక్షల బీరువాలన్నీ తిరిగి హాల్లోకి వచ్చాయి. ఇదొక్కటే రాలేదు. దానికి తాళం వేసి ఉంది. వెనక గది కప్పు కారుతుందనీ, తమిళ ఐప్పసి నెల వానల్లో ఆ గోడ చెమ్మగిల్లుతుందనీ మాకంటే మీకే బాగా తెలుసు. అడిగితే మొదట "సర్దుతున్నాం" అన్నారు. తర్వాత "అవి ఇక ఇవ్వం" అన్నారు. పాడైన పుస్తకాలను పాత కాగితాల కింద తూకానికి వేస్తారన్న మాట ఈమధ్య వినబడుతోంది. రాసి ఇచ్చిన విజ్ఞాపనలకు జవాబు రాలేదు. సర్వసభ్య సమావేశంలో అడిగితే ఇతర అంశాల కింద చూద్దామన్నారు, చూడలేదు. అందుకే ఈ లేఖను సభ్యులందరి ముందూ పెడుతున్నాం.

ఆ బీరువాలో ఏమేం ఉన్నాయో కొత్త సభ్యులకు తెలియదు. మార్క్స్, ఎంగెల్స్ కలిసి రాసి 1848 ఫిబ్రవరిలో లండన్‌లో అచ్చువేయించిన ‘కమ్యూనిస్టు ప్రణాళిక’ ఉంది. మార్క్స్ రాసిన ‘పెట్టుబడి’ (కాపిటల్) ఉంది. బ్రస్సెల్స్‌లోని జర్మన్ కార్మికుల సంఘంలో 1847 చివర మార్క్స్ చెప్పిన పాఠాలు ‘వేతన శ్రమ, పెట్టుబడి’గా ఉన్నాయి. రాబర్ట్ ఓవెన్, సెయింట్ సైమన్, ఫూరియేలు కలగన్న సమసమాజానికీ తాము చెబుతున్నదానికీ తేడా ఏమిటో ఎంగెల్స్ విడమరిచిన చిన్న పుస్తకం ఉంది. ఆయనే 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో రాసినది ఉంది. లెనిన్ 1917లో రాసిన ‘రాజ్యం, విప్లవం’ ఉంది. వీటిలో కొన్ని విశాలాంధ్ర, ప్రజాశక్తి వేసినవి, కొన్ని నేరుగా మాస్కోలో తెలుగులో అచ్చయి ఓడెక్కి వచ్చినవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు అక్కడికి వెళ్లి తెలుగు అనువాదాలు చేసిన కాలం అది. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ ముద్రణలు ఆగిపోయాయి. అలాంటి ప్రతిని తూకానికి వేస్తే మళ్లీ ఏ కొట్లోనూ కొనుక్కోలేం.

ఈ పుస్తకాలు ఈ ఊరికి పరాయివి కావు. దేశంలో మొదటి మే డే జరిగింది ఇక్కడే. 1923 మే 1న మలయపురం సింగారవేలు చెట్టియార్ మద్రాసు సముద్రతీరంలో ఎర్రజెండా ఎగరేసి సభలు జరిపారు. ఆయన జాలర్ల బిడ్డ, న్యాయవాది, సొంతంగా పెద్ద గ్రంథాలయం కూర్చుకున్న మనిషి. 1931లో పెరియార్ పత్రిక ‘కుడి అరసు’ ‘కమ్యూనిస్టు ప్రణాళిక’ను తమిళంలో అచ్చువేసింది. ఆ రోజుల్లోనే కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ మద్రాసులో మారుపేరుతో ఉంటూ యువకులను కూడగట్టారు. మన పుచ్చలపల్లి సుందరయ్య కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చింది ఆయన ద్వారానే. 1934లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు, 1942 దాకా నిషేధం ఎత్తలేదు. ఆ ఏళ్లలో ఈ పుస్తకాలు చేతులు మారింది రహస్యంగానే. తెల్లదొరల పోలీసుల కళ్లుగప్పి మన తాతలు చదివిన పుస్తకాలను, స్వతంత్ర దేశంలో మన పాలకవర్గమే తాళం వేసి ఉంచడం మాకు మింగుడుపడటం లేదు.

దీనివల్ల ఎవరికి ఏం నష్టమో చెబుతాం.

1. పనిగంటలు. మన చదువరుల్లో ఎగుమతి బట్టల కంపెనీల్లో కుట్టుపని చేసే ఆడవాళ్లున్నారు. గోదాముల్లో, ఆసుపత్రుల్లో, పార్సిల్ ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద చేసేవాళ్లున్నారు. వీళ్ల దగ్గర రోజూ పోయేవి నిమిషాలు. షిఫ్టు మొదలయ్యే ముందే మెషిను దగ్గర కూర్చోవాలి. భోజనం ముగించకముందే లేవాలి. బెల్లు కొట్టాక లెక్క అప్పజెప్పి వెళ్లాలి. "అయిదు నిమిషాలకు గొడవేంటమ్మా" అంటే నోరు పెగలదు, ఎందుకంటే అది నిజంగా అయిదు నిమిషాలే.

‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినం మీద ఉన్న అధ్యాయం ఈ అయిదు నిమిషాల గురించే. బ్రిటన్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లోంచి మార్క్స్ ఒక లెక్క ఎత్తి చూపాడు. పొద్దున కొన్ని, ఫలహారం దగ్గర కొన్ని, భోజనం దగ్గర కొన్ని, సాయంత్రం కొన్ని: మిల్లుల్లో ఇలా లాక్కున్న నిమిషాలు వారానికి 340. అంటే 5 గంటల 40 నిమిషాలు. సెలవులకని రెండు వారాలు తీసేసి ఏడాదికి 50 వారాలు లెక్కేసినా 27 పనిదినాలు. దాదాపు నెల జీతం! మేం ఆదివారాలు కూడి పైకి చదువుకునే ‘ఆదివారం చదువు’లో ఈ పేజీ విన్న ఒక అక్క తన కంపెనీలో పోయే నిమిషాలను నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. ఆమెకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. లెక్క ఎలా వేయాలో పుస్తకం చూపించింది, అంతే.

అదే అధ్యాయంలో మేరీ ఆన్ వాక్లీ ఉంది. లండన్‌లో కుట్టుపని చేసే 20 ఏళ్ల పిల్ల. రాచకుటుంబం విందుకు గౌన్లు సిద్ధం చేయాలని గదికి 30 మంది చొప్పున 60 మంది అమ్మాయిలను కూర్చోబెట్టారు. 26న్నర గంటలు ఆగకుండా కుట్టి 1863 జూన్‌లో ఆ పిల్ల చనిపోయింది. ఈ భాగం పైకి చదివినప్పుడు గదిలో ఆడవాళ్లెవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

భోజన విరామం చాలడం లేదన్నది పెరంబూరు బిన్నీ మిల్లు కార్మికుల తొలి ఫిర్యాదుల్లో ఒకటి. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది వాళ్లతోనే. ఆ మిల్లుల్లో పనిచేసిన తెలుగు కుటుంబాల వారసులు మన సభ్యుల్లో ఉన్నారు. ఇదంతా పాత కథ అనుకోకండి. ఫ్యాక్టరీల్లో 12 గంటల పనికి దారి తీసే సవరణ బిల్లును తమిళనాడు శాసనసభ 2023 ఏప్రిల్‌లో ఆమోదించింది. సంఘాలూ మిత్రపక్షాలూ గట్టిగా ఎదురుతిరిగాక మే 1న ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించారు. సింగారవేలు జెండా ఎగరేసి అప్పటికి సరిగ్గా నూరేళ్లు. రేపు ఇంకో బిల్లు రావచ్చు. వచ్చినప్పుడు ఎనిమిది గంటల పని ఎవరు, ఎలా సాధించారో తెలిసినవాళ్లు మన పేటల్లో ఉండాలా వద్దా?

2. జీతం. పెంచమని అడిగితే వినిపించే మొదటి జవాబు మీకూ తెలుసు: "మీకు పెంచితే సరుకుల ధరలు పెరుగుతాయి, తిరిగి మీ నెత్తినే పడుతుంది." విన్నవాళ్లు నిజమేననుకుని తలూపి వచ్చేస్తారు. 1865లో లండన్‌లో అంతర్జాతీయ కార్మిక సంఘం జనరల్ కౌన్సిల్‌లో జాన్ వెస్టన్ ఇదే వాదం పెట్టాడు. ఆయన కార్మిక ఉద్యమంలోని మనిషే, వడ్రంగి, ఓవెన్ అభిమాని. నిజాయతీగానే నమ్మి మాట్లాడాడు. జూన్ 20న, 27న మార్క్స్ రెండు విడతలుగా జవాబు చెప్పాడు. కూతురు ఎలియనార్ సిద్ధం చేస్తే, ఆయన పోయిన చాన్నాళ్లకు, 1898లో అది అచ్చయింది. మన బీరువాలో ‘వేతనం, ధర, లాభం’ అన్న పలుచటి పుస్తకం అదే.

అందులో చెప్పిందేమిటంటే, జీతాలు పెరిగితే సాధారణంగా తగ్గేది లాభం, ధరలు వాటంతటవి పెరిగిపోవు. మనిషి రోజు పనిలో కొంత భాగం తన తిండికీ బట్టకీ ఇంటికీ సరిపడా విలువ తయారుచేస్తుంది, మిగిలిన భాగం కూలి లేకుండా యజమానికి పోతుంది. మార్క్స్ వేసిన లెక్కలో 12 గంటల పనిలో మొదటి 6 గంటలు తనకు, తర్వాతి 6 గంటలు యజమానికి. పుస్తకం అక్కడితో ఆగదు. జీతం కోసం పోరాడకుండా లొంగిపోతే కార్మికులు చితికిపోతారని చెబుతూనే, జీతం పెంపుతోనే అంతా అయిపోయిందనుకోవద్దని సంఘాలనూ హెచ్చరిస్తుంది. ఒక మాటకు ఇంకో మాట జవాబుగా ఎదుగుతూ పోయే పుస్తకం ఇది. చర్చించడం నేర్చుకోవాలన్నా ఇంతకంటే మంచి పాఠం మాకు తెలియదు.

2025 ఆగస్టులో చెన్నై పారిశుద్ధ్య కార్మికులు తమ మండలాల పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దని కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ భవనం బయట రోజుల తరబడి కూర్చున్నారు. ఈ ఊళ్లో చీపురు పట్టిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో మీకు చెప్పనక్కర్లేదు. కార్పొరేషన్ కింద చేసే పనికీ కాంట్రాక్టరు కింద చేసే అదే పనికీ డబ్బులో తేడా ఎందుకొస్తుంది, ఆ తేడా ఎవరికి పోతుంది? వాళ్ల పిల్లలు ఈ ప్రశ్నతో మన గ్రంథాలయానికి వస్తే మనం చూపించేది పోటీపరీక్షల బీరువానా? ఆ బీరువా ఉండాలి, మేమూ వాడతాం. కానీ ఈ ప్రశ్నకు జవాబు అందులో లేదు.

3. తెలుగు తప్ప ఇంకో అక్షరం రానివాళ్లు. "అన్నీ ఫోనులో దొరుకుతున్నాయి కదా" అన్నారు. ఇంగ్లిషులో దొరుకుతాయి. తమిళంలో దొరుకుతాయి. నెల్లూరు, చిత్తూరు, శ్రీకాకుళం పల్లెల నుంచి పనికి వచ్చినవాళ్లు తమిళం మాట్లాడతారు, చదవలేరు. ఇక్కడే పుట్టిన పిల్లలు తమిళం చదువుతారు, వాళ్ల అమ్మానాన్నలు చదవలేరు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పగిలిన గాజు తెరమీద వందల పేజీలు చదవాలనడం న్యాయం కాదు. పనిరోజు వదులుకుని ఎగ్మూరు దాకా పోయి పెద్ద గ్రంథాలయంలో వెతుక్కోమనడం కూడా కాదు. నడిచిపోయేంత దూరంలో తెలుగు ప్రతి ఉన్నది మన దగ్గరే.

4. మన చరిత్ర. ఇది చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాం. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకు రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణల మీద 1855లో ఒక విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఆ నివేదికను ముందు పెట్టుకుని మార్క్స్ రాసిన వ్యాసం 1857 సెప్టెంబరులో ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’లో అచ్చయింది. సిపాయి తిరుగుబాటుదారుల క్రూరత్వం గురించి ఇంగ్లండు గగ్గోలు పెడుతున్న సమయంలో, శిస్తు కోసం మీ పాలనలో జరిగిన హింస మాటేమిటని అడిగాడు. ఫిర్యాదు చెప్పుకునే దారే రైతుకు లేకపోయిందన్న సంఘం మాటను ఎత్తి చూపాడు. మన ముత్తాతల వీపుల మీది వాతల గురించి లండన్‌లో కూర్చుని ఒకాయన రాశాడంటే, అది మన పిల్లలు చదవాల్సిన పేజీ కాదా? భారతదేశం మీది ఆ వ్యాసాల సంకలనం కూడా అదే బీరువాలో చెమ్మకు ఉబ్బుతోంది.

5. భయం. "పోలీసు గొడవలు మనకెందుకు" అన్న మాట పాలకవర్గంలో ఒకరిద్దరు చాటుగా అన్నారు. ఆ జంకు మాకు అర్థమవుతుంది, ఎందుకంటే మాలోనూ కొందరికి ఉంది. కానీ ఇవి నిషిద్ధ పుస్తకాలు కావు. విశ్వవిద్యాలయాల్లో పాఠాలుగా చెబుతున్నారు, పుస్తక ప్రదర్శనల్లో బాహాటంగా అమ్ముతున్నారు. రాజద్రోహం కేసులో శిక్షపడిన డాక్టరు, హక్కుల కార్యకర్త బినాయక్ సేన్‌కు 2011 ఏప్రిల్‌లో బెయిలిచ్చినప్పుడు సుప్రీంకోర్టు ధర్మాసనం, ఇంట్లో గాంధీ ఆత్మకథ దొరికితే ఆ మనిషి గాంధేయవాది అయిపోతాడా అని ప్రశ్నించింది. గ్రంథాలయమే జంకి తాళం వేస్తే, ఈ పుస్తకం చేతిలో ఉండటమే తప్పు కాబోలని మామూలు మనిషి అనుకుంటాడు. అలా అనుకున్నవాడు రేపు యూనియన్ సభ్యత్వ కాగితం మీద సంతకం పెట్టడానికీ జంకుతాడు.

ఇంకో రెండు మాటలు కూడా మీరు అన్నారు. పాతబడ్డాయని ఒకటి, మనవాళ్లకు అర్థం కావని ఒకటి.

‘ప్రణాళిక’లో కొన్ని భాగాలు కాలం చెల్లాయని మొదట చెప్పింది రాసినవాళ్లే. 1872 జర్మన్ ముద్రణ ముందుమాటలో, రెండో అధ్యాయం చివర ఇచ్చిన చర్యల జాబితాను ఇప్పుడైతే వేరేగా రాస్తామని మార్క్స్, ఎంగెల్స్ ఒప్పుకున్నారు. ఆ జాబితాలోనే పిల్లలందరికీ ఉచిత చదువు, ఫ్యాక్టరీల్లో పిల్లల పని రద్దు, ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను ఉన్నాయి. ఇవి పాతబడ్డాయా, నెరవేరాయా, ఇంకా మిగిలే ఉన్నాయా? ఎవరికి వారు చదివి తేల్చుకుంటారు. అందులో ఉన్నదంతా ఒప్పుకోవాలని మేమూ అనడం లేదు. మా ఆదివారం చదువులో ఒప్పుకోనివాళ్లే ఎక్కువ గట్టిగా మాట్లాడతారు.

అర్థం కావన్న మాట చాలా పాతది. 1872లో ‘పెట్టుబడి’ రష్యన్ అనువాదాన్ని జారు సెన్సారు అధికారులు ఆపకుండా వదిలేశారు. దీన్ని చదివేవాళ్లే తక్కువ, చదివినా అర్థమయ్యేవాళ్లు ఇంకా తక్కువ అనుకున్నారు. 3,000 ప్రతులు అచ్చయ్యాయి. ఆ తర్వాత రష్యాలో ఏమైందో లోకానికి తెలుసు. అదే ఏడాది ఫ్రెంచి ప్రచురణకర్త లషాత్ర్ పుస్తకాన్ని చిన్న భాగాలుగా వేస్తానంటే మార్క్స్ సంతోషంగా ఒప్పుకున్నాడు. కార్మికులకు అందుబాటులో ఉంటుంది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం అని జవాబు రాశాడు. మొదటి అధ్యాయాలు కష్టమని దాచలేదు, ఏటవాలు దారి ఎక్కడానికి వెనుదీయనివాళ్లే శిఖరం చేరతారన్నాడు. మన భాషలో ఆ దారిని సులువు చేసినవాళ్లూ ఉన్నారు. రంగనాయకమ్మగారు ‘పెట్టుబడి’కి రాసిన పరిచయం చేతికిచ్చి చూడండి, పదో తరగతి దాటనివాళ్లు కూడా పట్టు వదలకుండా చదువుతున్నారు. అసలు ‘పెట్టుబడి’ పుట్టిందే ఒక గ్రంథాలయంలో. బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలో ఏళ్ల తరబడి కూర్చుని, ఎవరూ పట్టించుకోని ప్రభుత్వ నివేదికలు తిరగేసి రాసిన పుస్తకం అది.

గ్రంథాలయం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకుని 1919 నవంబరులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిపింది ఈ మద్రాసులోనే. ఈ ఊరి విశ్వవిద్యాలయంలోనే పనిచేసిన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. మీ ఆఫీసు గోడమీద ఆయన ఫొటో ఉంది.

మా కోరికలు ఇవి.

ముందుగా, ఆ బీరువాలోని ఒక్క పుస్తకాన్నీ అమ్మబోమని, తూకానికి వేయబోమని రాతపూర్వకంగా నోటీసు బోర్డులో పెట్టండి. వానలు ఆగేదాకా చూస్తామంటే కుదరదు. అది ఈ వారంలోనే జరగాలి.

బీరువాను హాల్లోకి తెచ్చి తాళం తీయండి. అక్కడే కూర్చుని చదవాలన్న షరతు పెట్టకుండా మిగతా పుస్తకాల్లాగే ఇంటికి ఇవ్వండి. రోజంతా పనిచేసేవాళ్లు హాల్లో కూర్చుని చదవలేరు.

ఉన్నవాటి జాబితా సభ్యుల ఎదుట తయారు కావాలి. ఏ పుస్తకమైనా ఇప్పటికే పోయి ఉంటే ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో పోయిందో అందులో రాయండి. మాస్కో ముద్రణల్లో చెమ్మ పట్టినవాటిని ఆరబెట్టి బైండు చేయించాలి. ఖర్చుకు మేం చందా వేసుకుంటాం.

ఆ బీరువాలోనే ఈ సిద్ధాంతాలను విమర్శించినవాళ్ల పుస్తకాలూ పెట్టండి. అంబేడ్కర్ బుద్ధుణ్ణీ మార్క్స్‌నూ పక్కపక్కన పెట్టి చేసిన పరిశీలన తెలుగులో ఉంది, తెప్పించండి. గాంధీ, లోహియా పక్కన ఉంటే మాకు అభ్యంతరం లేదు, కావాలి కూడా. ఒక పక్షం పుస్తకాలే పెడుతున్నారన్న మాట మీ మీద రాకూడదు.

ఆదివారం సాయంత్రాలు హాలును చదువుకు ఇవ్వడం ఆపేశారు. మళ్లీ ఇవ్వండి. ఏ పార్టీ జెండా గానీ, బ్యానరు గానీ కట్టబోమని రాసిస్తాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని విడి అంశంగా చేర్చండి. ఓటు పెట్టండి. సభ్యుల్లో ఎక్కువమంది వద్దంటే ఆ తీర్మానం, దానికి కారణాలు మినిట్స్ పుస్తకంలో రాయండి. అప్పుడు ఆ పుస్తకాలను మాకైనా అప్పగించండి, వేరే చోటు వెతుక్కుంటాం. వెనక గదిలో చివికిపోనివ్వం.

బీరువా మోయడానికి, పుస్తకాలు తుడిచి అట్టలు వేయడానికి మనుషులం ఉన్నాం. ఏ ఆదివారం రమ్మంటారో కబురు చేయండి, తాళంచెవి సిద్ధంగా ఉంచండి.

ఇట్లు,
ఆదివారం చదువుకు వచ్చే సభ్యులు,
చెన్నై